పేరును ఓడెక్కించిన భీమిలి

నూరేళ్ల కిందట లండన్‌లో తోళ్లు పదును చేసే వ్యాపారికి ఆంధ్రదేశం ఎక్కడుందో తెలిసి ఉండకపోవచ్చు. భీమిలి మాత్రం తెలుసు. ఇక్కడి సముద్రాన్ని చూసి కాదు, కరక్కాయను చూసి. తోలు పదునెక్కాలంటే వగరు కావాలి. వగరుకు కరక్కాయ పెట్టింది పేరు. మన దేశం నుంచి ఓడల్లో వచ్చిపడే కాయల్ని అక్కడి వ్యాపారులు ఊళ్ల పేర్లతోనే రకాలు కట్టారు. జబల్‌పూర్లు, రాజ్‌పూర్లు, వెంగుర్లలు. వాటి సరసన ‘భీమ్లీలు’. అందులో మళ్లీ బి-1, బి-2 అని తరగతులు. కాయ కాసేది మన్యం అడవుల్లో. పేరు మాత్రం దాన్ని ఓడెక్కించిన ఊరిది.

గోగునారదీ ఇదే కథ. ఉత్తరాంధ్ర మెట్ట చేలల్లో పండి, చెరువు నీళ్లలో ఊరి, ఎండలో ఆరి, బండెక్కి ఈ రేవుకు వచ్చిన నారకు అంతర్జాతీయ మార్కెట్లో ‘బిమ్లీ జూట్’ అని పేరు. నార పంటల పుస్తకాలు తిరగేస్తే ఆ మొక్కకున్న పేర్లలో ఇప్పటికీ అదొకటి కనిపిస్తుంది. గోగు అంటే మనకు పరాయిదేం కాదు. గోగుకూరే నోట్లో నానీ నానీ గోంగూరైంది. లేత ఆకు మన కంచంలోకి, ముదిరిన కాడ మీది నార గోనెసంచిలోకి. పచ్చడి మనం దాచుకున్నాం, నారనూ దాంతోపాటు ఊరి పేరునూ పంపించేశాం.

ఇంత పేరు పంపిన రేవులో పెద్ద ఓడ వచ్చి ఆనుకోవడానికి గట్టు లేదు. ఆ సంగతే నన్ను భీమిలికి లాక్కెళ్లింది.

కొండ ఎడమ, కడలి కుడి

విశాఖ నుంచి భీమిలికి రెండు దారులు. ఆనందపురం మీదుగా పోతే తొందరగా పోతామని కొందరంటారు. తొందర ఉన్నవాళ్లు అలాగే పోవచ్చు. నేను 900కె ఎక్కాను. సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయే బస్సు. పాతిక కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కుడివైపు కిటికీ దొరికితే అదృష్టవంతులు, ఎడమవైపు దొరికితే మరీ అదృష్టవంతులు అని నా లెక్క. ఎందుకంటే సముద్రం ఊరు చేరాక కూడా ఉంటుంది. ఎడమవైపు కొండలు మాత్రం దాటితే దాటిపోయినట్టే.

ఆ కొండల మీద రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉండేవారు. బావికొండ, తొట్లకొండ, భీమిలి నెత్తిమీదే ఉన్న పావురాలకొండ. మూడూ సముద్రానికి ఎదురుగా ఉన్నవే. 1976లో నౌకాదళం వాళ్లు విమానం మీంచి నేల చూస్తుంటే తొట్లకొండ బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. వాన నీటిని ఒడిసిపట్టి ఏడాది పొడుగునా తాగిన మనుషులు వాళ్లు. తవ్వకాల్లో రోమన్ వెండి నాణేలు దొరికాయి. భిక్షువు చేతికి రోము నాణెం ఎలా వచ్చినట్టు? కింద రేవులో దిగిన వర్తకుడు పైకి ఎక్కి ఉండాలి, ప్రయాణం బాగా సాగిందని మొక్కు చెల్లించి ఉండాలి. ఇది నా ఊహ. కానీ ఇన్ని విహారాలు సరిగ్గా సముద్రం కనిపించే కొండల మీదే కట్టుకోవడం గాలి కోసమని మాత్రం నేననుకోను.

పావురాలకొండ మీద ఇప్పుడు నరసింహస్వామి. కొండకు నరసింహకొండ అనీ పేరుంది. బకాసురుణ్ణి చంపిన భీముడు వెలయించిన ఊరు కనుక భీమునిపట్నం అయిందని స్థలపురాణం. బౌద్ధుల తొట్లు, వైష్ణవుల గుడి, పాండవుల కథ ఒకే కొండమీద సర్దుకుపోయాయి. పైనుంచి చూస్తే ఊరి నక్షా అంతా ఒక్క చూపులో తెలుస్తుంది. కింద ఎర్ర పెంకుల ఇళ్లు, వాటి మధ్య డాబాలు. ఒకపక్క గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ. ఎదురుగా నీలం.

గోస్తని పుట్టుక బొర్రా గుహల దగ్గర. గుహలో ఆవు పొదుగులా వేలాడే రాయినుంచి బొట్టు బొట్టుగా జారిందనీ, అందుకే ఆ పేరనీ చెబుతారు. అనంతగిరి కొండలు దిగి, తాటిపూడి జలాశయంలో ఆగి, ఇక్కడ ఇసుకలో తడబడుతూ సముద్రాన్ని చేరుతుంది. కరక్కాయల బండ్లు కూడా ఆ కొండలనుంచే దిగాయి. నది, బండి రెండూ ఒకే చోటికి వచ్చాయి. రేవు ఇక్కడెందుకు పుట్టిందో కొండమీద నిలబడితే వేరే చెప్పనక్కర్లేదు.

మేకు లేని పడవ

ఇప్పుడు అసలు సంగతి. గట్టు లేని రేవు ఎలా నడిచింది?

ఈ తీరంలో ఒడ్డు దగ్గర లోతు తక్కువ. బయటి సముద్రంలో ప్రశాంతంగా వచ్చిన కెరటం ఇసుక తగలగానే లేచి విరుగుతుంది. ఒకటి విరిగేలోగా వెనక రెండోది సిద్ధం. పెద్ద ఓడ ఇక్కడికి వస్తే తిరిగి వెళ్లదు. అందుకని మైలో రెండు మైళ్లో అవతల లంగరు దించేది. ఆ దూరం దాటించిందల్లా మసూలా పడవ.

మసూలా పడవకు మేకులుండవు. పలకకూ పలకకూ మధ్య గడ్డో పీచో కూరి, కొబ్బరి తాడుతో కుట్టేస్తారు. బట్ట కుట్టినట్టు. మేకు కొట్టిన పడవ బిర్రుగా ఉంటుంది, అడుగు ఇసుకకు మోదుకుంటే పగులుతుంది. కుట్టిన పడవ సాగుతుంది, వంగుతుంది, దెబ్బను ఒళ్లంతా పంచుకుంటుంది. నీళ్లు కారతాయి నిజమే, తోడిపోయడానికి ఒక మనిషి ఉంటాడు. యూరప్ నావికులు మొదట దాన్ని చూసి నవ్వుకుని ఉంటారు. తమ పడవ ఒకసారి బోల్తాపడ్డాక కిక్కురుమనకుండా దాన్నే ఎక్కి ఉంటారు.

కొట్లలోంచి బస్తాలు కూలీల నెత్తికెక్కి ఇసుక దాటేవి. నడుంలోతు నీళ్లలో పడవకు చేరేవి. ఆ తర్వాత అంతా తెడ్డు పట్టినవాడి చేతిలో. అతడు వెనక నిలబడి సముద్రాన్ని చదువుతాడు. పెద్ద కెరటాలు వరసగా వస్తాయి, ఆ వరస అయ్యాక కాస్త సందు దొరుకుతుంది. ఆ సందులో కేక వేస్తే అందరూ ఒక్కసారి తెడ్లు వెయ్యాలి. ముందు వేస్తే కెరటం మీద పడుతుంది, ఆలస్యమైతే తర్వాతిది పట్టుకుంటుంది. లండన్‌లో బి-1 అని చీటీ అంటించుకున్న ప్రతి బస్తా వెనకా ఆ కేక ఒకటి ఉంది. ఆ కేక వేసినవాడి పేరు ఏ దస్తావేజులోనూ ఉండదు. బస్తాలు కట్టించిన కంపెనీల పేర్లు ఉంటాయి, ఓడల పేర్లు ఉంటాయి.

కరక్కాయ, గోగునారే కాదు. నువ్వులు, వలిసెలు, ఆముదాలు, తోళ్లు, నీలిమందు. ఉత్తరాంధ్ర లోతట్టున పండిందీ కాసిందీ చాలామటుకు ఈ ఇసుక మీదుగానే వెళ్లింది. ఊరు కలకలలాడింది. 1861లోనే ఇక్కడ మునిసిపాలిటీ ఏర్పడింది, దేశంలో తొలి పురపాలక సంఘాల్లో ఒకటి. ఆ మాట చెప్పేటప్పుడు భీమిలివాళ్ల గొంతు ఇప్పటికీ ఒక మెట్టు పైకి లేస్తుంది. లేవనివ్వండి.

వలందుల తోట

ఊళ్లో నడుస్తుంటే గంటస్తంభం, తెల్లటి దీపస్తంభం, 19వ శతాబ్దపు సెయింట్ పీటర్స్ చర్చి ఎదురవుతాయి. బీచి ఒడ్డున కాస్త పక్కకు తిరిగితే డచ్చివారి సమాధులు. పాత తెలుగులో డచ్చివారిని వలందులు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం ఆ జ్ఞాపకమే.

వలందులు 17వ శతాబ్దం నడుమ, గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో, బట్టల కోసం ఇక్కడికి వచ్చారు. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు, జాజికాయ కొనాలంటే అక్కడివాళ్లకు కావలసింది మన నేతగాళ్ల నూలుబట్ట. ఇక్కడ బట్ట కొని, ఆ దీవుల్లోని బటావియాకు పంపి, అక్కడ సుగంధద్రవ్యాలు కొని, హాలండుకు చేర్చాలి. మధ్యలో ఈ ఊరు ఒక మజిలీ. అలా వచ్చిన గుమాస్తాలు, సిపాయిలు, వాళ్ల భార్యలు, పసిపిల్లలు కొందరు మళ్లీ ఓడెక్కలేదు. వాళ్లమీద గోపురాల్లా, సూదిమొన స్తంభాల్లా కట్టిన కట్టడాలివి. మనిషి ఎంత చిన్నవాడైతే గోరీ అంత పెద్దదిగా కట్టినట్టు అనిపించింది నాకు. దూరదేశంలో చచ్చిపోయేవాడికి భయం ఎక్కువేమో. ఉప్పుగాలి వాటి సున్నాన్ని తినేసింది. మధ్యాహ్నం పూట మేకలు వాటి నీడలో పడుకుంటాయి.

భీమిలి ఎవరిదో యూరప్‌లో యుద్ధాలు తేల్చేవి. ఇంగ్లండు, హాలండు అక్కడ తగువు పడితే 1781లో ఇక్కడ ఇంగ్లీషువాళ్లు డచ్చి కోఠీ పట్టుకున్నారు. వాళ్లు రాజీపడితే తిరిగి ఇచ్చారు. 1795లో మళ్లీ పట్టుకున్నారు, 1818లో మళ్లీ ఇచ్చారు. చివరికి 1824లో లండన్‌లో కూర్చుని రెండు దేశాలూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. మలక్కా, ఇండియాలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారికి. సుమత్రాలోని ఇంగ్లీషు స్థావరం డచ్చివారికి. ఆ పెద్ద బేరంలో చిల్లర కింద భీమిలి 1825లో చేతులు మారింది. ఆ రోజు కూడా పడవవాడు కెరటాల వరస చూసి కేక వేసే ఉంటాడు.

రైలు రాని ఊరు

ఊరికి దెబ్బ ఒక్కసారి తగల్లేదు. 1893లో తూర్పుతీరం వెంబడి రైలు వచ్చింది. అది విజయనగరం మీదుగా పోయింది, భీమిలి ఛాయలకు రాలేదు. కొండల సరుకు విజయనగరం స్టేషనులో బండెక్కడం నేర్చుకుంది. ఇంకో నలభై ఏళ్లకు అసలు పోటీదారు లేచింది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున బురదనేల తవ్వి రేవు కట్టారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ అందులోకి వచ్చి గట్టుకు ఆనుకుంది. అప్పటికి రాయపూరు రైలు మార్గం కూడా సిద్ధం. గట్టు పక్కనే రైలు, రైలు పక్కనే ఓడ. ఇక నడుంలోతు నీళ్లలో బస్తాలు మోయించేవాడెవడు?

అదృష్టమంతా కొండ చేసింది. విశాఖకు అలను అడ్డుకునే కొండ ఉంది, భీమిలికి లేదు. రెండు ఊళ్ల మధ్యా తేడా ఒక రాతి ముక్కు. పేరు మోసిన పెద్దన్న భీమిలి చివరికి తమ్ముడింట్లో ఒక గదిలో సర్దుకున్నట్టు విశాఖ మహానగర పాలక సంస్థలో కలిసిపోయి వార్డులైంది. 1861 నాటి మునిసిపాలిటీ లేదిప్పుడు. విచిత్రమేమిటంటే, రాష్ట్రంలోని చిన్న రేవుల జాబితాలో భీమునిపట్నం పేరు మాత్రం ఉంది. కాగితం మీద రేవు బతికే ఉంది.

ఓడలు పోయినా నార కొంతకాలం నిలిచింది. గోస్తని ఒడ్డున చిట్టివలసలో జూట్ మిల్లు ఉండేది. మిల్లు కూత వేళకు చుట్టుపక్కల ఊళ్లు లేచేవి, వండుకునేవి, నిద్రపోయేవి. సిమెంటుకూ ఎరువుకూ చక్కెరకూ ప్లాస్టిక్ సంచి వచ్చాక గోనె గిరాకీ తగ్గింది. 2009లో మిల్లు మూతబడింది. ఒక మిల్లు ఆగితే మగ్గాల దగ్గర నిలబడినవాళ్లే కాదు, గేటు ముందు టీ కొట్టు, నెల జీతాల మీద అప్పిచ్చిన కిరాణా, ఎక్కడో మెట్టలో గోగు వేసిన రైతు అందరూ ఆగుతారు. ఉత్తరాంధ్రలో గోగు చేలు చూసి చాలా కాలమైందని పెద్దవాళ్లు అంటుంటారు. ఇప్పుడు గోగు ఎక్కువగా పెరట్లోనే, కూర కోసమే.

తెల్లారగట్ల ఒడ్డు

భీమిలిని చూడాలంటే ఆదివారం సాయంత్రం వెళ్లకండి. అప్పుడు మొక్కజొన్న పొత్తులు, సెల్ఫీలు, విగ్రహాల మీదెక్కే పిల్లలు. తప్పులేదు, సముద్రం అందరిదీ. కానీ తెల్లారగట్ల ఐదింటికి వెళ్తే ఊరు తన పనిలో తాను ఉంటుంది.

వేటకెళ్లిన పడవలు వెలుగు రాకముందే ఒక్కొక్కటిగా వస్తాయి. కొయ్య తెప్పల కాలం పోయి ఫైబర్ పడవలు, వాటి వెనక మోటార్లు. మోటారు ఉన్నా ఒడ్డు దగ్గర చివరి వంద గజాల్లో ఇంజను చెప్పినట్టు సముద్రం వినదు. కెరటాల వరస చూడాలి, సందు పట్టాలి, ఒక్క ఊపులో ఇసుక మీదికి ఎక్కించాలి. మసూలా పడవ పోయింది, ఆ చదువు పోలేదు. వాడబలిజల, జాలరుల పిల్లలు దాన్ని బడికి వెళ్లకముందే నేర్చేసుకుంటారు.

పడవ ఇసుకను తాకాక మగవాళ్ల పని చాలామటుకు అయిపోయినట్టే. అక్కడినుంచి ఆడవాళ్లది. వలలోంచి చేప విడదీయడం, రకాలు పోయడం, వేలంపాట పాడటం. వంజరం, చందువ పక్కకు పోతాయి, నగరం హోటళ్లు వాటికోసం కాచుకుని ఉంటాయి. కవళ్లు, కానాగంతలు గంపలకెక్కుతాయి. నెత్తళ్లు ఇసుక మీద వెండి చాపలా పరుచుకుంటాయి. బేరం ఆడబోయారా, తల కూడా ఎత్తకుండా ‘ఏటి బాబూ, సముద్రంలోకి నువ్వెల్లి తెచ్చుకో’ అనే రకం సమాధానం తయారుగా ఉంటుంది. మూట విప్పకముందే ధర ఎవరు కడతారో, ఎవరు గొడవ పడతారో వాళ్లకు తెలుసు. చేపకు తరగతులు కట్టడంలో వాళ్లను మించిన నిపుణులు లండన్‌లోనూ ఉండి ఉండరు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మోటారు పడవలకు వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం. ఆ రోజుల్లో ఒడ్డంతా వలల మరమ్మతు. నిషేధం న్యాయమే అంటారు, దానికిచ్చే భృతి చాలదనీ అంటారు. రెండు మాటలూ ఒకే నోటినుంచి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు పడవలూ వలలూ పోయినవాళ్లకు సముద్రం మీద కోపం రాలేదా అని అడగడం పట్నంవాళ్లకే తోచే ప్రశ్న.

ఎర్రమట్టి, తెల్లకాగితం

ఊరికి కాస్త ముందు, బీచి రోడ్డు పక్కన ఎర్రమట్టి దిబ్బలున్నాయి. సినిమావాళ్ల వల్ల మనకు ముఖపరిచయం ఉన్నవే. ‘మరోచరిత్ర’ నాటినుంచి ఈ తీరం తెలుగు తెరకు తెలుసు. 2010లో ఊరి పేరునే పెట్టుకుని ‘భీమిలి కబడ్డీ జట్టు’ వచ్చింది. దిబ్బల అసలు కథ సినిమా కంటే పెద్దది. వేల ఏళ్ల కిందటి మంచుయుగంలో సముద్రం బాగా వెనక్కి తగ్గింది. ఇప్పుడు నీటి కిందున్న నేల అప్పుడు ఇసుక మైదానం. గాలి ఆ ఇసుకను ఎత్తి ఇక్కడ పోసింది. ఇసుకలోని ఇనుము కాలక్రమాన తుప్పుపట్టి ఎర్రబడింది. వాన దాన్ని కోసి లోయలు చేసింది. ఇలాంటివి దక్షిణాసియాలో తమిళనాడు తేరి నేలల్లో, శ్రీలంకలో తప్ప పెద్దగా కనిపించవు. జాతీయ భూవారసత్వ స్థలంగా 2014లో గుర్తింపు దక్కింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకూ ఎక్కింది.

జాబితాకు ఎక్కడం ఒకటి, దిబ్బ మిగలడం ఇంకొకటి. చుట్టూ లేఅవుట్లు, రిసార్టులు. పైన భోగాపురం విమానాశ్రయం పేరుచెప్పి నేల ధర రోజుకో మెట్టెక్కుతోంది. కొలత రాళ్లు పాతిన చోట ఎర్రమట్టి పొడిపొడిగా రాలుతోంది. చేత్తో తాకితే చాలు, రంగు అంటుతుంది. గాలి ఎన్నో వేల ఏళ్లు మోసిన మట్టి, యంత్రం ఒక్క పూటలో ఎత్తేస్తుంది. విచారణలు, ఫిర్యాదులు, పత్రికల్లో ఫొటోలు వస్తూనే ఉన్నాయి. ఈ విషయంలో నాకు నిష్పాక్షికత లేదు, ఉన్నట్టు చూపించుకోను కూడా.

ఒకప్పుడు భీమిలి నుంచి సరుకు బయటికి పోయేది. ఇప్పుడు డబ్బు లోపలికి వస్తోంది. సముద్రం కనిపించే కిటికీకి ఎక్కువ ధర. పాత పెంకుటిళ్లు ఒక్కొక్కటిగా పడిపోయి వాటి స్థానంలో అద్దాల ముఖాలు లేస్తున్నాయి. సముద్రం ఎదురుగా ఉన్న పాత ఇళ్లకు అటువైపు చాలాసార్లు చిన్న కిటికీలే ఉంటాయి. ఉప్పుగాలి ఇనుమునూ సున్నాన్నీ ఏం చేస్తుందో కట్టినవాళ్లకు తెలుసు. కొత్తవాళ్లు నాలుగేళ్లలో తెలుసుకుంటారు.

సాయంత్రం తిరుగు బస్సుకు గంట టైముంది. గంటస్తంభం వైపు నడిచాను. రోడ్డువార గోనెపట్టా పరుచుకుని ఒకామె ఆకుకూరలు పోసుకుని కూర్చుంది. తోటకూర, బచ్చలి, నీళ్లు చిలకరించిన గోంగూర కట్టలు. రెండు కట్టలు తీసుకున్నాను. సంచి తేలేదని నా చేతులు చూసి ఆమెకు అర్థమైంది. పక్కనున్న పాలిథిన్ కవర్ల గుత్తిలోంచి ఒకటి లాగి, నోటితో ఊది విప్పి, గోగాకు అందులో వేసి ఇచ్చింది.